అడిగినోళ్లకు జవాబేది?

చదువుకుంటున్న బిడ్డ ఒక గురువు వెంట పోయింది. ఫోన్ ఎత్తదు. ఇంటి ముఖం చూడదు. ఉన్న ఆస్తిలో తన వాటా అమ్మి ఆ సంస్థకు ఇచ్చిందని నలుగురూ అనుకుంటున్నారు. ఆ తల్లిదండ్రులు ఎవరిని అడగాలె? పోలీసు స్టేషన్‌కు పోతే మేజర్ కదా అంటారు. తహసీల్దారును అడిగితే మత విషయం మాకెందుకంటారు. రాజకీయ నాయకుడి దగ్గరికి పోదామంటే, ఆయన నిన్ననే ఆ గురువు పక్కన వేదిక మీద కూర్చున్నాడు. మత స్వేచ్ఛ ఉన్న దేశంలో, ఒక మత సంస్థ గురించి పౌరుడు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత ప్రభుత్వానికి ఉందా, లేదా? ఉంటే ఆ జవాబు ఎట్లా ఉండాలె?

ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికా, ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ, జపాన్ దేశాలు దీన్ని ఎదుర్కొన్నాయి. కొన్ని చోట్ల ప్రభుత్వాలు నోరు విప్పక ప్రాణాలు పోయాయి. కొన్ని చోట్ల అతిగా నోరు విప్పి అమాయకుల మీద ముద్ర వేశాయి. ఆ రెండు అనుభవాలనూ తూకం వేసి చూడకుండా మనం ఏ డిమాండు పెట్టినా అది గాలిలో రాయి విసిరినట్టే అవుతుంది.

మొదట నోరు విప్పని కథ. 1978 నవంబర్ 18న దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో, జోన్స్‌టౌన్ అనే చోట, 900 మందికి పైగా అమెరికన్ పౌరులు సైనైడ్ కలిపిన పానీయంతో చనిపోయారు. అందులో 300 మంది దాకా పిల్లలు. పీపుల్స్ టెంపుల్ అనే సంస్థను నడిపిన జిమ్ జోన్స్ వాళ్లను కాలిఫోర్నియా నుంచి అక్కడికి తరలించాడు. అనుచరుల్లో ఎక్కువ మంది నల్లజాతి పేదలు. జాతి వివక్ష లేని సమాజం కడతానన్న మాటను నమ్మి వెంట నడిచినవాళ్లు. నెలనెలా వచ్చే పింఛన్ చెక్కులను సంస్థ చేతిలో పెట్టిన ముసలివాళ్లు. ఇదంతా పిచ్చి జనం చేసుకున్న సామూహిక ఆత్మహత్య అని ప్రపంచం తేలికగా చెప్పుకుంది. విషం తాగిన పసిపిల్లలు ఏ ఆత్మహత్య చేసుకున్నారు? చుట్టూ తుపాకులు పట్టుకున్న కాపలా మధ్య తాగినవాళ్లది ఏ ఇష్టం?

ఆ చావులు చెప్పాపెట్టకుండా వచ్చినవి కావు. అంతకు ఏడాది ముందు నుంచే బంధువులు అమెరికా విదేశాంగ శాఖ తలుపు కొడుతున్నారు. మా పిల్లలను అక్కడ బంధించారు, ఉత్తరాలను చదివి కత్తిరిస్తున్నారు, పాస్‌పోర్టులు గుంజుకున్నారు అని మొరపెట్టుకున్నారు. ఆందోళన చెందుతున్న బంధువుల బృందంగా ఏర్పడి 1978 ఏప్రిల్‌లో ఆరోపణలన్నీ కాగితం మీద పెట్టి బయటపెట్టారు. మేలో ఆ క్షేత్రం నుంచి తప్పించుకొచ్చిన ఒక యువతి, అక్కడ సామూహిక మరణానికి రిహార్సల్స్ జరుగుతున్నాయని గయానాలోని అమెరికా రాయబార కార్యాలయం అధికారికి నేరుగా చెప్పింది. జూన్‌లో అదే మాటను ప్రమాణ పత్రంగా రాసిచ్చింది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మరి ఆఫీసులు ఏం చేశాయి? ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. రాయబార కార్యాలయం అధికారులు పలుమార్లు జోన్స్‌టౌన్‌కు పోయారు. బంధువులు ఇచ్చిన పేర్లను పట్టుకుని, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, నిన్ను ఇక్కడ బలవంతంగా ఉంచారా అని అడిగారు. అందరూ లేదన్నారు. అధికారులు అదే రాసుకుని వచ్చారు. కానీ ఆ రాక గురించి సంస్థకు ముందే తెలుసు. ఏం అడిగితే ఏం చెప్పాలో ముందు రోజుల్లోనే నేర్పించారు. యజమాని గుమ్మంలో నిలబడి ఉండగా వెట్టి మనిషిని నీకు కష్టమేమైనా ఉందా అని అడిగితే ఏం చెబుతాడో మన పల్లెలకు తెలియదా?

దీనికి తోడు చట్టాల భయం. మత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని మొదటి సవరణ అడ్డొస్తుందనుకున్నారు. 1974 నాటి ప్రైవసీ చట్టం ప్రకారం పౌరుల విశ్వాసాల గురించి కాగితం మీద రాయడమే తప్పవుతుందేమోనని వెనుకాడారు. ఏం రాసినా సమాచార చట్టం కింద ఆ సంస్థే బయటికి తీస్తుందని జంకారు. 1978 జూన్‌లో రాయబార కార్యాలయం ఎట్టకేలకు వాషింగ్టన్‌కు ఒక టెలిగ్రామ్ పంపింది. అక్కడ చట్టం నడిచేలా చూడమని గయానా ప్రభుత్వాన్ని కోరదామా అని అడిగింది. అంత ఆదుర్దా ఎందుకో ఆ టెలిగ్రామ్‌లో సరిగా రాయలేదు. తప్పించుకొచ్చిన యువతి ప్రస్తావనే లేదు. చదివినవాళ్లకు విషయం తలకెక్కలేదు. వద్దని జవాబు వచ్చింది. ఫైలు మూతపడింది.

ఆఖరికి కాలిఫోర్నియా నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్ తానే పోయి చూస్తానని బయలుదేరాడు. మొదటి రోజు పాటలు, విందు, నవ్వు ముఖాలు. ఆ నవ్వుల మధ్యే ఒకరు వెంట వచ్చిన విలేకరి చేతిలో చిన్న చీటీ పెట్టారు, మమ్మల్ని ఇక్కడి నుంచి బయటపడేయండి అని. మరునాడు పదిహేను మంది దాకా వెళ్లిపోతామన్నారు. విమానం ఎక్కుతుండగా రయాన్‌ను, మరో నలుగురిని కాల్చి చంపారు. ఆ సాయంత్రమే మారణహోమం. 1979లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారణ జరిపి విదేశాంగ శాఖ తీరును తప్పుపట్టింది. ఇల్లు కాలినంక బాయి తవ్వినట్టు.

ఇక్కడ ఒక్క అధికారి దుర్మార్గం వెతికితే మనకు పాఠం దొరకదు. రాయబార కార్యాలయానికి కొంత తెలుసు. పింఛన్ల శాఖకు కొంత తెలుసు. తుపాకుల రవాణా అనుమానంతో విచారించిన కస్టమ్స్ శాఖకు కొంత తెలుసు. కోర్టుల్లో పిల్లల కోసం కొట్లాడుతున్న తండ్రులకు ఇంకొంత తెలుసు. ఈ ముక్కలన్నీ ఒకే బల్ల మీదికి రాలేదు. ప్రతి కుర్చీ తన ముందున్న కాగితాన్నే చూసింది. ప్రశ్నలన్నీ ఒక్క చోట చేరి, ఒక్కరు చదివి ఉంటే ఆ ప్రాణాలన్నీ నిలిచేవని ఖాయంగా చెప్పలేం. ప్రయత్నమైనా జరిగేదని మాత్రం చెప్పగలం.

ఇక రెండో కథ. 1994 అక్టోబర్‌లో స్విట్జర్లాండ్, కెనడాల్లో సోలార్ టెంపుల్ అనే రహస్య సంస్థకు చెందిన 53 మంది శవాలై తేలారు. 1995 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని వెర్కోర్ కొండల్లో మరో 16 మంది. 1997లో కెనడాలో ఇంకో ఐదుగురు. మొత్తం 74 మంది. ఫ్రాన్స్ వణికిపోయింది. అప్పటికే పనిచేస్తున్న పార్లమెంటరీ కమిషన్ పోలీసు నిఘా విభాగం ఇచ్చిన సమాచారం ఆధారంగా 170కి పైగా సంస్థల పేర్లతో ఒక జాబితా ప్రకటించింది. వీటికి సెక్ట్ అని పేరు పెట్టింది. ఫ్రెంచి భాషలో ఆ మాట వింటేనే జనం భయపడతారు.

ఆ జాబితాకు చట్టబలం లేదు. కమిషన్ ముందు ఆ సంస్థలకు తమ మాట చెప్పుకునే అవకాశం సరిగా దొరకలేదు. ప్రాణాలు తీసే ముఠాలకూ, మన ఊళ్లలో భజనలు చేస్తూ కనిపించే హరే కృష్ణ వంటి సంస్థలకూ తేడా చూపలేదు. యెహోవా సాక్షులు, జపాన్ నుంచి వచ్చిన సోకా గక్కాయ్ కూడా ఆ జాబితాలోకి ఎక్కారు. అందరినీ ఒకే గాటన కట్టారు. చట్టం కాని ఆ కాగితమే ఆఫీసుల్లో చట్టంలా నడిచింది. హాలు అద్దెకు ఇవ్వాలా వద్దా, ఉద్యోగంలో ఉన్న మనిషిని నమ్మాలా వద్దా, విడాకుల కేసులో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలె అనే చోట్ల కూడా ఆ పేర్ల పట్టికను తిరగేశారు. ఆలోచించే పని తప్పింది కదా!

1998లో యెహోవా సాక్షుల సంస్థకు వచ్చిన విరాళాల మీద ఫ్రాన్స్ పన్నుల శాఖ 60 శాతం లెక్కన పన్ను వేసింది. నాలుగున్నర కోట్ల యూరోలకు పైగా కట్టమంది. ఏళ్ల తరబడి కేసు నడిచింది. అది మత స్వేచ్ఛకు భంగమని 2011 జూన్ 30న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. అంతకు ముందే 2005 మేలో ప్రధాని జాన్ పియెర్ రఫారాఁ ప్రభుత్వ శాఖలకు సర్క్యులర్ పంపారు. జాబితాల మీద ఆధారపడడం మానండి, మనుషులకు జరిగే హాని ఏమిటో చూడండి అని చెప్పారు. తప్పు తెలుసుకోవడానికి ఫ్రాన్స్‌కు పదేళ్లు పట్టింది.

అయితే ఫ్రాన్స్ కౌంటర్ మూసేయలేదు. ఇదీ మనం గమనించాల్సిన సంగతి. 2002 నవంబర్‌లో మివిలూద్ అనే కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. విశ్వాసాలతో తమకు పని లేదనీ, విశ్వాసం పేరిట జరిగే దౌర్జన్యం, మోసం, లొంగదీసుకోవడం మీదే దృష్టి పెడతామనీ దాని మాట. పౌరులు, శాఖలు దానికి రాసి అడగవచ్చు. 2015లో దానికి 2,160 ప్రశ్నలు, ఫిర్యాదులు అందితే, 2021లో 4,020 అందాయి. కరోనా కాలంలో పుట్టుకొచ్చిన వైద్యం పేరిటి గురువుల గురించి అడిగినవాళ్లు వాటిలో ఎందరో. అడిగే జనం పెరుగుతున్నారంటే అవసరం ఉన్నట్టే కదా! 2024 మేలో వచ్చిన చట్టంతో మనిషిని మానసికంగా లొంగదీసుకోవడం అక్కడ ప్రత్యేక నేరమైంది. ఆ చట్టం విమర్శకుల గొంతు నొక్కడానికి వాడుకోకుండా చూసుకోవాల్సిన బాధ్యత అక్కడి ప్రజాస్వామికవాదుల మీద ఉంది.

ఒక్క ఉత్తరంతో ఎంత చేటు చేయవచ్చో బల్గేరియా చూపింది. 2008లో బుర్గాస్ నగర పాలక సంస్థ అన్ని బడులకూ ఒక ఉత్తరం పంపింది. ఫలానా ఫలానా ఎవాంజెలికల్ చర్చిలు ప్రమాదకరమైన సెక్టులు, పిల్లలకు ఆ సంగతి చెప్పండి అని. ఆ చర్చిల పిల్లలు అదే బడుల్లో చదువుతున్నారు. బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్లవాడు వాళ్లను ఏ కళ్లతో చూస్తాడు? 2022 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు ఆ ఉత్తరాన్ని తప్పని తేల్చింది. అప్పటికి 14 ఏళ్లు గడిచాయి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

మరి అటు మౌనమూ, ఇటు ముద్రా తప్పించే దారి ఉందా? ఉంది. మూడు దేశాల అనుభవం చూద్దాం.

జర్మనీలో ఓషో అనుచరుల గురించి పార్లమెంటులో ప్రశ్నలు వస్తే ప్రభుత్వం ఇచ్చిన జవాబుల్లోని మాటల మీద ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2002 జూన్ 26న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మత సంస్థల గురించి ప్రజలకు సమాచారం ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. సెక్ట్ అన్నా తప్పు లేదు. కానీ విధ్వంసకరం, బూటకపు మతం అని నిందించడం, సభ్యులను మభ్యపెట్టి ఆడిస్తున్నారని ఆధారం లేకుండా అనడం తటస్థతకు విరుద్ధం అంది. అంటే సర్కారు మాట్లాడవచ్చు, నోరు పారేసుకోకూడదు. ప్రభుత్వ గుమస్తా రాసే జవాబులో ఒక్కో విశేషణానికి బరువుంటుందని ఆ తీర్పు గుర్తుచేసింది.

బెల్జియం ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి పార్లమెంటరీ కమిషన్ నివేదికకు కూడా 1997లో 189 పేర్ల పట్టిక ఒకటి జతయింది. దాని మీద గొడవయింది. 1998 జూన్ 2న హానికర సంస్థల గురించి సమాచారం, సలహా ఇచ్చే కేంద్రాన్ని చట్టం ద్వారా ఏర్పాటు చేశారు. ఎవరైనా అడగవచ్చు. అయితే జనానికి ఇచ్చే సమాచారాన్ని హానికర సంస్థల జాబితాల రూపంలో ఇవ్వకూడదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అడిగిన ప్రశ్నకే జవాబు. దెబ్బ తగిలిన తర్వాత నేర్చుకున్న నియమం ఇది.

ఆస్ట్రియా కూడా 1998లో చట్టం చేసి సెక్టుల ప్రశ్నల కోసం ఒక కార్యాలయం పెట్టింది. కానీ ప్రభుత్వ గుర్తింపు పొందిన చర్చిలకు, మత సమాజాలకు ఆ చట్టం వర్తించదని మినహాయించింది. ఇదేం న్యాయం? పెద్ద మతం నీడలో జరిగిన అన్యాయం అన్యాయం కాదా? నలుగురు అనుచరులున్న గురువును నిలదీసి, నాలుగు లక్షల మంది ఉన్న సంస్థ జోలికి పోకపోతే అది బలవంతుడి ముందు తల వంచడమే. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలను దశాబ్దాల తరబడి దాచిపెట్టింది యూరప్‌లోని పాత, పెద్ద, గుర్తింపు పొందిన చర్చి వ్యవస్థలే అన్న సంగతి విచారణల్లో రుజువు కాలేదా?

అన్ని ముచ్చట్లూ కలిసి కనిపించేది జపాన్‌లో. ఓమ్ షిన్రిక్యో సంస్థకు 1989 ఆగస్టులో టోక్యో ప్రభుత్వం మత సంస్థగా గుర్తింపు ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో, అనుచరుల తల్లిదండ్రుల తరఫున పోరాడుతున్న న్యాయవాది సకమోతో సుత్సుమి, ఆయన భార్య, ఏడాది నిండిన కొడుకు ఇంట్లోంచి మాయమయ్యారు. ఇంట్లో ఓమ్ సంస్థ బిళ్ల దొరికింది. అయినా పోలీసులు సంస్థ జోలికి గట్టిగా పోలేదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలి ఆ సంస్థ పన్నెండు మందికి పైగా ప్రాణాలు తీసింది. వేల మంది ఆస్పత్రుల పాలయ్యారు. న్యాయవాది కుటుంబం శవాలు ఆ ఏడాది సెప్టెంబర్‌లో గానీ దొరకలేదు. తల్లిదండ్రుల మొరను 1989లోనే పట్టించుకుని ఉంటే?

అంత జరిగినా పాఠం సగమే వంటబట్టింది. యూనిఫికేషన్ చర్చి మీద జపాన్ వినియోగదారుల కేంద్రాలకు 1980ల నుంచే ఫిర్యాదులు అందుతున్నాయి. మీ పూర్వీకుల పాపం పోవాలంటే ఈ కుండ కొనండి, ఈ ముద్ర కొనండి అని లక్షల యెన్‌లకు అమ్మడం. 1987లోనే న్యాయవాదులు బాధితుల కోసం జట్టు కట్టారు. ఒక్కో ఫిర్యాదు ఒక్కో కుండ కొనుగోలు కేసుగా నమోదైంది. కుండలన్నీ ఒకే బట్టీ నుంచి వస్తున్నాయని సర్కారు పట్టించుకోలేదు. 2015లో ఆ సంస్థ పేరు మార్చుకోవడానికి కూడా అనుమతి ఇచ్చారు. పాత పేరు మీది మచ్చలు కొత్త పేరు చాటున దాగాయి.

2022 జూలై 8న మాజీ ప్రధాని షింజో అబే హత్య జరిగింది. కాల్చినవాడి తల్లి ఆ సంస్థకు సుమారు పది కోట్ల యెన్‌లు ఇచ్చి కుటుంబాన్ని దివాలా తీయించిందని బయటికొచ్చింది. హత్యను ఎవరూ సమర్థించరు, సమర్థించకూడదు. కానీ వినాల్సినవాళ్లు వినని గోడు ఎంత ప్రమాదమో జపాన్‌కు అప్పుడు తెలిసొచ్చింది. సెప్టెంబర్ 8న పాలక పార్టీ తన పార్లమెంటు సభ్యులను లెక్కిస్తే 379 మందిలో 179 మందికి ఆ సంస్థతో ఏదో ఒక సంబంధం తేలింది. ఇన్నాళ్లు ఫైళ్లు ఎందుకు కదల్లేదో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా వివరణ కావాలా?

ఆ తర్వాత కౌంటర్లు తెరుచుకున్నాయి. అదే సెప్టెంబర్‌లో న్యాయ శాఖ, పోలీసులు, వినియోగదారుల శాఖ కలిసి ఉమ్మడి ఫోన్ లైను పెట్టారు. తర్వాత ఆ పనిని ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రానికి అప్పగించారు. భయపెట్టి విరాళాలు గుంజడాన్ని అడ్డుకునే చట్టం డిసెంబర్‌లో వచ్చింది. ఆ నెలలోనే ఆరోగ్య శాఖ శిశు సంక్షేమ సిబ్బందికి ప్రశ్నలు జవాబుల రూపంలో ఒక మార్గదర్శి పంపింది. మతం పేరు చెప్పారని వెనక్కి తగ్గొద్దు, బిడ్డను కొట్టినా, బడికి పంపకపోయినా, వైద్యం నిరాకరించినా కారణం ఏదైనా అది హింసేనని అందులో చెప్పింది. సంస్థలను ప్రశ్నించే అధికారం చట్టంలో ఉండి కూడా ఏనాడూ వాడని సాంస్కృతిక వ్యవహారాల శాఖ, 2022 నవంబర్‌లో మొదటిసారి దాన్ని వాడింది. 2023 అక్టోబర్‌లో కోర్టుకు పోయింది. 2025 మార్చి 25న టోక్యో జిల్లా కోర్టు ఆ సంస్థకు మత సంస్థ హోదా రద్దు చేయాలని ఆదేశించింది. అది నమ్మకాన్ని నిషేధించడం కాదు. ప్రార్థన చేసుకునే హక్కు అనుచరులకు ఉంటుంది. పన్ను రాయితీతో కూడిన చట్టపరమైన హోదా పోతుంది.

ఈ అనుభవాల నుంచి తేలేదేమిటి? మొదటిది, ప్రభుత్వ ఆఫీసు దేవుణ్ని తూకం వేయకూడదు. ఏది నిజమైన మతం, ఏది బూటకం అని చెప్పడం సర్కారు పని కాదు. ఆ పని చేతికిస్తే రేపు మన ఊరి గ్రామదేవతను కూడా మూఢనమ్మకాల పట్టికలో రాసేస్తారు. సర్కారు అడగాల్సింది చేతల గురించి. డబ్బు ఎట్లా తీసుకున్నారు? పిల్లలను బడికి పంపుతున్నారా? మందులు మాన్పించారా? పోతానన్నవాళ్లను పోనిస్తున్నారా? వీటికి జవాబులు చెప్పడానికి వేదాంతం అక్కర్లేదు, ఉన్న చట్టాలు చాలు.

రెండోది, వచ్చిన ప్రతి ప్రశ్ననూ రాసుకోవాలె, శాఖల మధ్య కలపాలె. జోన్స్‌టౌన్ ముక్కలూ, జపాన్ కుండలూ చెప్పే నీతి ఇదే. మూడోది, సంస్థకు కూడా తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలె. నాలుగోది, ఇచ్చే జవాబు రుజువున్నంత వరకే ఉండాలె. కోర్టు శిక్ష వేసిందా, కేసు నడుస్తోందా, ఆరోపణ మాత్రమేనా అన్న తేడా చెప్పాలె. ఐదోది, పెద్దా చిన్నా చూడకూడదు. ఆరోది, మేజర్ అయిన మనిషి మాటకు విలువ ఇవ్వాలె. కానీ ఆ మాటను కాపలా లేని చోట, చెప్పాపెట్టకుండా వెళ్లి వినాలె. బ్రిటన్‌లో 1988లో సామాజిక శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ ప్రభుత్వ సాయంతో ఇన్‌ఫార్మ్ అనే స్వతంత్ర సంస్థను ప్రారంభించారు. పరిశోధకులే అక్కడ జనం ప్రశ్నలకు జవాబులు ఇస్తారు. పోలీసు నిఘాకు, సమాచార సేవకు మధ్య గోడ ఉండాలంటే అదీ ఒక దారే.

మన దగ్గర సంగతేమిటి? రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే అది శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని చెప్పింది. మహిమల పేరిట మందుల ప్రకటనలను అడ్డుకునే చట్టం 1954 నుంచే ఉంది. పిల్లల రక్షణకు చట్టాలున్నాయి. మోసానికి శిక్షలున్నాయి. లేనిది అడిగినోళ్లకు జవాబు చెప్పే చోటు. తెలంగాణలో ప్రజావాణికి ఇచ్చినా, ఆంధ్రలో ఫిర్యాదుల వేదికకు ఇచ్చినా కాగితం తిరిగి తిరిగి అదే పోలీసు స్టేషన్‌కు చేరుతుంది. అక్కడ అది కుటుంబ తగాదాగా మారుతుంది. తమిళనాడులోని ఒక ఆశ్రమంలో ఉన్న ఇద్దరు బిడ్డల కోసం తండ్రి వేసిన కేసును 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముగించింది. ఆ ఇద్దరూ మేజర్లు, ఇష్టపూర్వకంగానే ఉంటున్నామని చెప్పారు గనుక. తీర్పు సబబైనదే. కానీ ఒక ప్రశ్నకు జవాబు కోసం మనిషి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోవాల్సి రావడం సబబేనా?

అట్లాగని కొత్త నిఘా శాఖ పెట్టమని మనం అడగడం లేదు. మత ఘర్షణలతో ఓట్లు దండుకునే పాలకుల చేతికి జాబితా రాసే కలం ఇస్తే ఎవరి పేర్లు ఎక్కుతాయో చెప్పనక్కర్లేదు. మైనారిటీల పేర్లు, దళితుల ప్రార్థనా మందిరాల పేర్లు ముందుంటాయి. వేదికల మీద సన్మానాలు పొందే గురువుల పేర్లు ఎక్కడా కనపడవు. అందుకే బెల్జియం మాదిరి జాబితా నిషేధం, జర్మనీ మాదిరి మాట మీద అదుపు లేని ఏ కార్యాలయాన్నీ ఒప్పుకోవద్దు. చట్టసభకు జవాబుదారీగా, మంత్రుల సిఫారసులకు దూరంగా ఉండే సలహా కేంద్రం జిల్లాకొకటి చాలు. న్యాయ సేవాధికార సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి ఈ పని అప్పగించి, శిక్షణ ఇచ్చి, లెక్కలు ఏటా బయటపెట్టమని అడుగుదాం.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. కౌంటర్ అవతల కూర్చునేది మీరే. మత విషయం అనే మాట వినగానే ఫైలు పక్కన పెట్టకండి. అందులోని చేత ఏమిటో చదవండి, ఏ శాఖకు పంపాలో రాయండి, పంపినట్టు అడిగినవాళ్లకు చెప్పండి. జోన్స్‌టౌన్ ఫైళ్లను చూసినవాళ్లు కూడా మీలాంటి బాధ్యత గల ఉద్యోగులే. విద్యార్థి మిత్రులకు మరో మాట. హాస్టల్ గదికి వచ్చి ధ్యానం నేర్పుతామన్నా, దైవం చూపుతామన్నా విని తీరాల్సిన పని లేదు, తరిమి కొట్టాల్సిన పనీ లేదు. డబ్బు ఎంత, లెక్క ఎవరికి చెబుతారు, వద్దనుకుంటే బయటికి దారేది అని అడగండి. ఇచ్చిన ఫిర్యాదు ఏమైందో తెలుసుకోవడానికి 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. వాడండి.

జోన్స్‌టౌన్ బంధువులు అప్పట్లో పెద్ద కోరికలేమీ కోరలేదు. మా వాళ్లు క్షేమంగా ఉన్నారా, పోతామంటే పోనిస్తారా అని మాత్రమే అడిగారు. ఆ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు వెతికే ఆఫీసు ప్రతి ప్రజాస్వామ్య దేశంలో ఉండాలె. మన దగ్గర లేదు. ఉండాలని అడిగే హక్కు నమ్మేవాళ్లకూ ఉంది, నమ్మనివాళ్లకూ ఉంది. అందరం కలిసి అడుగుదాం.